గుమ్మడికాయ కొట్టేదాకా

ఈ చలికాలమంతా మా ఇంట్లో టీవీ పెట్టలేదు. మా అత్తగారికి పరీక్షలు.

పిల్లల పరీక్షలకి టీవీ కట్టేసిన ఇళ్ళు జూబ్లీహిల్స్‌లో వీధికి పది ఉంటాయి. అరవై దాటిన అత్తగారి పరీక్షలకి కట్టేసింది మేమొక్కళ్ళమే అయ్యుంటాం. మిక్సీ తిప్పితే గది తలుపు ఓరగా తెరుచుకునేది. కుక్కరు కూతేస్తే, "అమ్మాయ్, ఆ కూతతో నా మార్కెటింగ్ అంతా చెదిరిపోయింది" అని లోపల్నించి కేక. ఇంటర్ చదివే నా కూతురు సంహిత పక్కన కూర్చుని, "నానమ్మా, పేజీ అంతా పచ్చరంగు పూసేస్తే ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది?" అని క్లాసు పీకేది. "అన్నీ ముఖ్యంగానే కనపడుతున్నాయే" అనేవారీవిడ. ఇవి చాలవన్నట్టు పరీక్షకి వెళ్ళేముందు పెరుగూ పంచదారా నేను తినిపించాలి. పెళ్ళైన కొత్తలో నేను బి.కాం. ఆఖరి పరీక్షకి వెళ్తుంటే నాకెవరూ తినిపించలేదు. అది ఇక్కడ అప్రస్తుతం కనక వదిలేస్తున్నాను.

మా అత్తగారి పేరు జ్ఞానప్రసూనాంబ. విజయనగరంలో బి.ఏ. చదివారు. సినిమా పరిశ్రమ మద్రాసులో మూటలు కట్టుకుని హైదరాబాదు బయల్దేరినప్పుడు మామగారితో పాటు ఆవిడా వచ్చేశారు. మామగారు సత్యనారాయణమూర్తిగారు ఫిలింనగర్ వాలులో గోడౌన్ కట్టి, సినిమాలకి సామాన్లు అద్దెకిచ్చేవారు. పాతకాలం టెలిఫోన్లు, ఇత్తడి దీపపుసెమ్మెలు, జమీందారు కుర్చీలు, పల్లకి, రావణాసురుడి తలకాయలు. తలకాయలు తొమ్మిదే ఉంటాయి. పదోది ఏ షూటింగులో పోయిందో ఆ రాముడికే తెలియాలి. వీటన్నిటిలోకీ పెద్ద పేరున్నది బర్మాటేకు ఉయ్యాలబల్ల. దాని మీద కూర్చుని అలగని కథానాయిక లేదు.

మామగారు పోయి ఏడాది దాటింది. మావారు వరప్రసాద్ సినిమాలకి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. అంటే, డబ్బు నిర్మాత పెడతాడు, సినిమా దర్శకుడు తీస్తాడు, తిట్లు ఈయన తింటారు. దసరా వెళ్ళాక ఓ ఆదివారం టిఫిన్ల దగ్గర ఆయనొక నిర్ణయం ప్రకటించారు. గోడౌన్ ఎత్తేసి, స్థలం ఒక కాఫీషాపు వాళ్ళకి లీజుకివ్వాలి.

"అది చచ్చిపోయిన వ్యాపారం అమ్మా. నెలల తరబడి ఒక్క వస్తువు బయటికెళ్ళి డబ్బు తెచ్చింది లేదు. ఇప్పుడంతా గ్రాఫిక్సు."

"చచ్చిపోయిందని ఎవరు చూశారు?" అన్నారు అత్తగారు, అట్టు మడుస్తూ.

"చూడ్డానికేముంది? తెలిసిపోతోందిగా."

గోడౌన్ అత్తగారి పేరు మీద ఉంది. సంతకం ఆవిడే పెట్టాలి. ఆవిడ ఓ షరతు పెట్టారు. "ఉగాది దాకా నాకు టైమివ్వు. అప్పటికి ఈ సామాను మళ్ళీ నలుగురి సెట్లలో తిరగడం మొదలుపెట్టకపోతే, నేనే వచ్చి సంతకం పెడతాను."

మర్నాడు ఆవిడ కాఫీ గ్లాసు పక్కన బంజారాహిల్స్‌లోని ఓ బిజినెస్ కాలేజీ వాళ్ళ కాగితం కనపడింది. డిగ్రీ ఉన్నవాళ్ళకి బిజినెస్‌లో సర్టిఫికెట్ కోర్సు, శని ఆదివారాలు క్లాసులు, శివరాత్రికల్లా పరీక్షలు. కాగితం అక్కడ ఎవరు పెట్టారో నాకు తెలీదు. ఇంట్లో గాలి ఎక్కువ, ఎగిరొచ్చి ఉంటుంది.

మావారు చదువుకి అడ్డుచెప్పే మనిషి కాదు. ఆయన బాధల్లా వేరు.

"చదివితే ఎంబీయే చదువమ్మా. రెండేళ్ళు, దర్జాగా. సర్టిఫికెట్టేంటి, ఇంటర్వెల్‌లో లేచొచ్చేసినట్టు?"

"నాకు కావల్సినవి నాలుగు సబ్జెక్టులురా. లెక్కలు ఒకటి, మార్కెటింగ్ ఒకటి, సరుకు ఎక్కడ ఎందుకు ఆగిందో కనిపెట్టే సబ్జెక్టొకటి, కాంట్రాక్టులు రాసుకునేదొకటి. పెద్ద పెద్ద కంపెనీల్ని కలుపుకోవడం, విదేశీ మారకం... అవన్నీ నాకెందుకు?"

"అవి కూడా ఉంటేనే కదా డిగ్రీ అంటారు!"

"మనిషి బతికున్నాడో లేదో తెలియడానికి నాడి చూడ్డం వస్తే చాలదూ? గుండె కొయ్యడం దాకా నేర్చుకోవాలా?"

రెండేళ్ళు చదువుతూ కూర్చుంటే మధ్యలో ఉగాది వచ్చి వెళ్ళిపోతుందని మావారు లెక్కవేసుకున్నారని నా అనుమానం. అడిగితే, "ఛ, నేనలా ఎందుకనుకుంటాను?" అంటారు. అందుకే అడగలేదు. ఆవిడ సర్టిఫికెట్ కోర్సులోనే చేరారు. ఈయన మాత్రం ఊరంతా, "మా అమ్మ ఎంబీయే చేస్తోంది" అని చెప్పుకొచ్చారు. క్లబ్బులోనూ అదే, ముహూర్తాల్లోనూ అదే. విన్నవాళ్ళు ఎదురుపడి, "ఏం ఎంబీయేగారూ!" అంటే, "సర్టిఫికెట్టు నాయనా, నాలుగే సబ్జెక్టులు" అని ఈవిడ దిద్దుకుంటూ పోయేవారు. ఆయన చల్లిన ముగ్గు ఈవిడ తుడవడం, వారం వారం ఇదే పని.

కారులో నేనే దింపేదాన్ని. మొదటివారం క్లాసయ్యాక నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, మనిళ్ళల్లో రోజూ జరిగే భాగోతాన్నే కేస్ స్టడీ అంటార్ట. ఇన్నాళ్ళూ తెలియక ఊరికే బాధపడ్డాం."

ఈలోగా కాఫీషాపు జంట గోడౌన్ చూస్తామని ఫోను చేశారు. మావారు ఊళ్ళో లేరు, తాళాలు నా దగ్గరున్నాయి. వాళ్ళు భయపడి పారిపోతే మనకొక పని తగ్గుతుంది కదాని, గోడౌన్ చూసుకునే భిక్షంతో చెప్పి రావణాసురుడి తొమ్మిది తలకాయల్నీ గుమ్మానికెదురుగా వరసగా పెట్టించాను. పక్కన యమధర్మరాజుగారి గద. వాళ్ళు లోపలికొచ్చి ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. "ఎంత బావుందో! ఆంటీ, ఈ తలలు ఇలాగే వదిలేస్తారా? అద్దె పెంచినా పర్లేదు" అన్నారు. ఆ రోజు నేను చేసిన మేలుకి మావారు చాలా సంతోషించారు. అప్పట్నించీ నేను సాయం చెయ్యడం తగ్గించాను.

కోర్సు చివర్లో ప్రాజెక్టు ఉంటుంది. నిజంగా నడుస్తున్న వ్యాపారం ఒకటి తీసుకుని, దానికి ఏం జబ్బో చెప్పాలి. అత్తగారు మా గోడౌన్నే తీసుకున్నారు. సంక్రాంతి సెలవులయ్యాక ఓ పొద్దున్న ఇద్దరం వెళ్ళాం. ఆవిడ జమీందారు కుర్చీలో కూర్చున్నారు. నేను పల్లకి ఎక్కుదామనుకున్నాను గానీ, పల్లకి లేదు.

కాసేపటికి ఫోను మోగింది. భిక్షం ఎత్తాడు.

"ఉయ్యాలనా? లేదు సార్. షూటింగ్‌ల ఉన్నది." పెట్టేశాడు.

మళ్ళీ మోగింది. "దీపాలా? లెవ్వు సార్. ఎప్పుడొస్తయో ఎరుకలేదు."

భోజనాల వేళ దాకా అత్తగారు వింటూ కూర్చున్నారు. అప్పుడు నెమ్మదిగా అడిగారు.

"ఉయ్యాల ఎవరి షూటింగులో ఉంది భిక్షం?"

భిక్షం తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. "చిన్నసారు షూటింగ్‌లనే అమ్మా. వినాయక చవితికి ముంగట పోయింది."

"దీపాలు?"

"గదే షూటింగు."

"పల్లకి?"

"గది గూడ గాడనే ఉన్నది."

"మరి వెనక్కి అడగలేదా?"

"అడిగిన. కంటిన్యుటీ అన్నడు. గుమ్మడికాయ కొట్టేదాంక ముట్టద్దన్నడు. సొంత సారును మల్ల మల్ల ఎట్ల అడుగుత అమ్మా, జర మీరే చెప్పున్రి."

సినిమాలో ఒక ఇంట్లో ఒకసారి కనపడ్డ వస్తువు, మళ్ళీ ఆ ఇంటి సీను వస్తే అక్కడే, అలాగే కనపడాలి. దాన్నే కంటిన్యూటీ అంటారు. షూటింగంతా పూర్తయిన రోజున దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. బయటివాళ్ళయితే అద్దె పెరుగుతుందన్న భయానికి, సీను అవగానే వస్తువు పంపించేసి, కావాలంటే మళ్ళీ తెప్పించుకుంటారు. మావారికి ఆ భయం లేదు. సొంత షాపు. అద్దె లేదు, అడిగేవాళ్ళు లేరు. అందుకని సామానంతా సెట్లో దుమ్ము కొట్టుకుంటోంది, ఇక్కడ భిక్షం వచ్చిన వాళ్ళందరినీ తిప్పి పంపిస్తున్నాడు. అది చూసి మావారు, షాపు చచ్చిపోయిందని తేల్చేశారు.

ఆ రాత్రి పెద్ద గొడవవుతుందని నేను పప్పులో ఉప్పు కూడా జాగ్రత్తగా వేశాను. అత్తగారు మాత్రం తాపీగా అన్నం కలుపుకుంటూ అడిగారు.

"ప్రసాదూ, మీ సినిమాలో ఉయ్యాల సీన్లు ఇంకా ఉన్నాయా?"

"ఎప్పుడో అయిపోయాయి. ఏం?"

"మరి ఉయ్యాల అక్కడెందుకు?"

"ఇంకా గుమ్మడికాయ కొట్టలేదుగా."

"పని అయిపోయినా సరే, గుమ్మడికాయ కొట్టేదాకా ఉండాలన్నమాట."

"అదంతేనమ్మా, ఫీల్డులో పద్ధతి."

"నా చదువు గురించీ నువ్వు అదే అన్నావు" అని ఆవిడ చారు పోసుకున్నారు. మావారు తలూపి, అప్పడం విరుచుకున్నారు. ఆయనకి ఎక్కలేదు. నాకు ఎక్కి, పొలమారింది.

మావారు అవుట్‌డోర్‌కి రాజమండ్రి వెళ్ళిన వారంలో అత్తగారు వ్యాను కట్టించుకుని, భిక్షాన్ని వెంటబెట్టుకుని, ఊరి చివర స్టూడియోకి వెళ్ళారు. సంహిత ఫోనుతో ప్రతి వస్తువునీ నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీయించారు. ఉయ్యాల మీద గీతలు, సెమ్మె మీద మసి, కుడివైపు గొలుసుకి కట్టిన పసుపుతాడు, అన్నీ. సామాను వ్యానెక్కుతుండగానే రాజమండ్రి నుంచి ఫోను.

"అమ్మా! కంటిన్యూటీ పోతే నన్ను తీసేస్తారే!"

"కాంట్రాక్టు రాసి మీ ఆఫీసులో ఇచ్చానురా. ఎప్పుడడిగితే అప్పుడు, అదే గీతతో, అదే మసితో తెచ్చిస్తాను. ఇకనుంచి నువ్వూ అద్దె కడతావు."

"నేనా? అద్దె కట్టాలా? మన షాపుకి?"

"మన షాపు కాబట్టే."

ఆ తర్వాత ఆవిడ చేసిన పని చాలా చిన్నది. భిక్షం లేదు లేదని తిప్పి పంపిన వాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశారు. ఆర్ట్ డైరెక్టర్ చలపతిరావుగారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. "అమ్మగారూ, మీ షాపు ఎత్తేశారని ఫీల్డంతా చెప్పుకుంటున్నారండీ! ఉయ్యాల కోసం నేను గోదావరి జిల్లాలన్నీ గాలిస్తున్నాను." దీపాలు ఒక చోటికి, పల్లకి ఒక చోటికి, ఉయ్యాల చలపతిరావుగారి సెట్‌కి వెళ్ళిపోయాయి. గోడౌన్ బోసిపోయి కనపడితే అంత సంతోషం వేస్తుందని నాకప్పుడే తెలిసింది. శివరాత్రికి పరీక్షలయ్యాయి, ఆ తర్వాత సర్టిఫికెట్టు వచ్చింది. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "వెనకాల ఏం లేదా?" అన్నారు.

కాలేజీవాళ్ళు, ఈ నాలుగు సబ్జెక్టులూ లెక్కలోకి తీసుకుంటాం, మిగతావి చదివితే ఎంబీయే ఇస్తామని కూడా రాశారు. "చేరిపోమ్మా" అన్నారు మావారు. ఆవిడ చేరనన్నారు. ఈయన మొహం ముడుచుకున్నారు.

ఉగాది ఇంకో రెండ్రోజులుందనగా, పొద్దున్నే మావారు చెప్పులతో హాల్లోకి వచ్చేశారు. అంటే విషయం తీవ్రమైనదే.

"అమ్మా, ఉయ్యాల కావాలి. ఇవాళే. దర్శకుడికి రాత్రి కొత్త ఆలోచనొచ్చింది. హీరోయిన్ మధ్యాహ్నం ఒక్కపూట ఉంటుంది, సాయంత్రం విమానమెక్కేస్తుంది. ఆ షాటవగానే గుమ్మడికాయ కొట్టేస్తాం. ఉయ్యాలెక్కడుంది?"

"చలపతిరావుగారి సెట్లో."

ఆయన సోఫాలో కూలబడ్డారు. తర్వాత అన్న మాట మాత్రం కూలబడి అనాల్సింది కాదు.

"చూశావా, నే చెప్పానా? సగం చదువుతో వ్యాపారం చేస్తే ఇలాగే ఉంటుంది."

అత్తగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆవిణ్ణి అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి, ఫోను తీశారు.

"చలపతిరావుగారూ, ఇవాళ మీకు ఉయ్యాల సీను ఎంతవరకూ?"

స్పీకర్లో ఆయన గొంతు వినపడింది. "పొద్దుటి సీనేనండీ, లంచ్‌కి అయిపోతుంది. కానీ రేపు మళ్ళీ కావాలి, అక్కణ్ణించి కదిపేది లేదు."

"మన కాగితంలో మూడో పేరా ఒకసారి చూడండి. మీకు పనిలేని పూట నేను తీసుకెళ్ళి, మర్నాటికి ఉన్నదున్నట్టు తగిలించి ఇవ్వచ్చని మీరు సంతకం పెట్టారు."

అవతల కాగితాల చప్పుడు, ఓ నిట్టూర్పు. "మీరు చదువుకున్న దగ్గర్నించీ మాకు చాలా ఇబ్బందిగా ఉందండీ" అన్నారాయన. "రండి, తీసుకెళ్ళండి."

మధ్యాహ్నం ఉయ్యాల వ్యానెక్కింది. ముందు సీట్లో, వ్యాను నడుపుతున్న భిక్షం పక్కన గొలుసుల సంచి ఒళ్ళో పెట్టుకుని అత్తగారు, వెనకాల కారులో నేనూ సంహితా. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ ఎప్పట్లాగే ఉంది. పక్క కారతను హారన్ కొడుతుంటే, ఆవిడ వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి అతన్ని చూసిన చూపు నాకు వ్యాను అద్దంలో కనపడింది. అతను హారన్ మానేశాడు.

సెట్లో మావారు అటూ ఇటూ తిరుగుతున్నారు. అత్తగారు సంహిత ఫోను పట్టుకుని నిలబడి తగిలింపజేశారు. "ఆ పెద్ద గీత గోడవైపుకి. పసుపుతాడు కుడి గొలుసుకి. కాదు నాయనా, నీ కుడి కాదు, కెమెరా కుడి." అసిస్టెంట్ డైరెక్టర్ పిల్ల పాత షాటు తెరమీద పెట్టి, కొత్తది పక్కన పెట్టి, కళ్ళు చికిలించి ఎంత వెతికినా తేడా దొరకలేదు. "అసలు వెళ్ళొచ్చిందా ఇది?" అంది. హీరోయిన్ కూర్చుంది, అలిగింది. దర్శకుడు ఓకే అన్నాడు.

గుమ్మడికాయ కొట్టారు. చప్పట్లు కొట్టారు. నిర్మాత అందరికీ మిఠాయిలు పంచుతూ మా దగ్గరికొచ్చాడు. "ప్రసాద్‌గారూ, మీ అమ్మగారా? ఎంబీయే అని చెప్పారు కదూ?"

"ఎంబీ..." అని మావారు ఆగారు. "కాదండీ. సర్టిఫికెట్ కోర్సు. నాలుగు సబ్జెక్టులు."

"ఇంకొంచెం చదివితే డిగ్రీయే వచ్చేదిగా?"

"అక్కర్లేదండీ. ఆవిడ పని అయిపోయింది."

నేను మిఠాయి నోట్లో పెట్టుకోబోతూ ఆగాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మావారు ఓడిపోయినప్పుడు వాడే మాటలు నాకు కంఠతా వచ్చు. "అలా కూడా చూడొచ్చు" ఒకటి. "నేనూ అదే అంటున్నాను" ఇంకోటి. ఇది ఆ రెంటిలోనూ లేదు.

బయట ఉయ్యాల మళ్ళీ వ్యానెక్కింది, చలపతిరావుగారి సెట్‌కి వెళ్ళడానికి. అత్తగారు ఒక కాలు వ్యాను మెట్టు మీద పెట్టి, "గుమ్మడికాయ కొట్టేశారుగా, ఇక నా సామాను నేను తీసుకెళ్ళచ్చా?" అన్నారు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు. అదే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది.

"కాఫీషాపు వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానమ్మా" అన్నారు మావారు.

"ఊఁ."

"అంటే... ఒక రకంగా చూస్తే... నేనూ అదే..."

"ఏవండీ," అన్నాను నేను, "ఆ మాట ఇప్పుడు సరిపోదు. వేరేది వెతకండి."

ఆయన నా వైపు కోపంగా చూశారు. తర్వాత నేల వైపు చూశారు. చెప్పు కొసతో గుమ్మడికాయ గింజనొకదాన్ని పక్కకి నెట్టి, గొణిగారు. "నాదే తప్పమ్మా."

"ఏంటో అన్నావురా, ఇంజను చప్పుడులో వినపళ్ళేదు" అన్నారు అత్తగారు. ఆవిడ చెవులు లక్షణంగా పనిచేస్తాయి. పక్కింటివాళ్ళు తలుపులేసుకుని పోట్లాడుకున్నా మర్నాడు మాకు వివరంగా చెబుతారు.

భిక్షం ఇంజను ఆపేశాడు. మిఠాయిలు తింటున్న యూనిట్ వాళ్ళు తలలు తిప్పారు. మావారు గొంతు సవరించుకుని, ఈసారి అందరికీ వినపడేలాగే అన్నారు.

"నాదే తప్పమ్మా. నీ చదువు సగం చదువు కాదు, షాపు చచ్చిపోనూ లేదు. దాని పీక మీద కూర్చున్నది నేనే."